సత్రంలో చద్దిమూట

వెనకటి రోజుల్లో మనవాళ్ళు యాత్రలకు బయలుదేరితే బట్టల మూటతోపాటు ఇంకో మూట కూడా సిద్ధమయ్యేది. చిన్న కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, ఓ గరిటె, నాలుగు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, చింతపండు, ఊరగాయ జాడీ. సత్రంలో గది సత్రం వాళ్ళది. కుళాయి అందరిదీ. గోడకు మేకు కొట్టకూడదు, గదిలో మసి చెయ్యకూడదు, మూడు రోజులకు మించి ఉండకూడదు. ఇన్ని ‘కూడదు’ల మధ్య ఆ మూట ఒక్కటి విప్పితే చాలు, అరగంటలో మన వంట, మన రుచి! వెళ్ళేటప్పుడు తుడిచి సర్దేస్తే అక్కడ మనం ఉన్న ఆనవాలే మిగలదు.

కంప్యూటర్ల చరిత్రలో కూడా అచ్చం ఇలాంటి మూట ఒకటుంది. పరాయివాళ్ళ కంప్యూటరు ముందు, అందరూ వాడే కంప్యూటరు ముందు, సవాలక్ష ఆంక్షలున్న కంప్యూటరు ముందు కూర్చుని, మనది అనిపించుకునే ఒక బుల్లి ఏర్పాటును విప్పుకోవడం. దాని కథే ఇది.

కంప్యూటరు పేరెత్తగానే పేజీ తిప్పెయ్యకండి. నేనూ ఆర్ట్సు చదివినదాన్నే, నవలలు రాసుకునేదాన్నే. నాకు అర్థమైనది మీకు కాకుండా పోదు. ముందుగా ఒక్క మాట తెలిస్తే చాలు: ఆపరేటింగ్ సిస్టమ్. కంప్యూటరు పెట్టె ఒక ఇల్లనుకోండి. ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరికి ఎప్పుడు ఏం అందించాలో, ఎవరి పని ముందో ఎవరిది వెనకో చూసుకునే ఇల్లాలు లేకపోతే ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలగదు కదా! ఆ ఇల్లాలే ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అంటే అదే. మీ ఫోనులో ఆండ్రాయిడ్ అన్నా అదే.

ఇక కథలోకి వద్దాం. 1950ల చివర్లో అమెరికాలో కంప్యూటరంటే గది నిండా ఉండే యంత్రం. లక్షల డాలర్ల ఖరీదు. విశ్వవిద్యాలయానికి ఒకటో రెండో. అందులో లెక్క చేయించుకోవాలంటే చిల్లులు పొడిచిన అట్టముక్కల కట్ట పట్టుకెళ్ళి కిటికీలో ఇచ్చి రావాలి. ఇవాళ ఇస్తే ఫలితం రేపు. తీరా చూస్తే ఒక్క కామా తప్పిపోయి ఉంటుంది. మళ్ళీ కట్ట, మళ్ళీ కిటికీ. రేషను షాపు ముందు నిలబడి, తీరా మన వంతు వచ్చేసరికి చక్కెర అయిపోయిందనిపించుకున్న వాళ్ళకు ఆ బాధ వేరే చెప్పక్కర్లేదు.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, అదే ఎమ్ఐటీలో, జాన్ మెకార్తీ అనే ఆచార్యుడు 1959లో ఒక ఉపాయం చెప్పాడు. మనిషి ఆలోచన నెమ్మది, యంత్రం వేగం. ఒకరు ఆలోచిస్తున్న క్షణంలో యంత్రం ఇంకొకరి పని చూడవచ్చు కదా అని. కుళాయి కింద ఒకే బిందె నిండేదాకా మిగతావాళ్ళు కాచుకోవడం కాకుండా, ప్రతి బిందెలోనూ గ్లాసుడు గ్లాసుడు చొప్పున పడుతూ, ఆ గ్లాసులు ఎంత వేగంగా మారతాయంటే, ఎవరికి వారికి కుళాయి తమదే అనిపించేంత! అదే ఎమ్ఐటీలో ఫెర్నాండో కొర్బాటో బృందం 1961 నవంబరులో ఈ వంతుల పద్ధతిని చేసి చూపించింది. దాని పేరు సీటీఎస్ఎస్.

ఉమ్మడి కాపురం మొదలైతే ఉమ్మడి కాపురం తగాదాలూ మొదలవుతాయి. నా కాగితాలు నువ్వు చూడకూడదు, నీ లెక్కల్లో నేను వేలు పెట్టకూడదు. అందుకే సీటీఎస్ఎస్‌లో ఒక్కొక్కరికి ఒక రహస్యపు మాట ఇచ్చారు. ఇవాళ మనం రోజుకు పదిసార్లు మర్చిపోయి తిట్టుకునే పాస్‌వర్డ్ కంప్యూటర్లలోకి వచ్చింది అక్కడినుంచే. తాళం పుట్టిన మర్నాడే దొంగ కూడా పుట్టాడు. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి ఇచ్చిన గంటలు చాలలేదు. యంత్రానికి ఒక అట్టముక్క అందించి అందరి పాస్‌వర్డ్‌లూ అచ్చువేయించుకుని, వాళ్ళ వంతులు కూడా తనే వాడుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత తనే ఆ సంగతి బయటపెట్టాడు. ఇంకోసారి మరీ విడ్డూరం. రెండు దస్త్రాలు తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకూ ‘ఈనాటి కబురు’ బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా దర్శనమిచ్చింది! వీధి గుమ్మంలో ఇంటిల్లిపాది బీరువా తాళాలూ వేలాడదీసినట్టు.

ఈ వంతుల పద్ధతి బాగుందని, ఇంకా ఘనంగా చేద్దామని 1960ల నడిమిలో ఎమ్ఐటీ, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ, టెలిఫోను కంపెనీకి చెందిన బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే మహా ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టాయి. ఊరంతటికీ కరెంటు ఇచ్చినట్టు కంప్యూటరు శక్తిని పంచాలన్నది వాళ్ళ ఊహ. పెద్ద పెళ్ళి, పెద్ద పందిరి, తేలని ఖర్చు. 1969లో బెల్ ల్యాబ్స్ ఆ పందిట్లోంచి లేచి వచ్చేసింది.

అలా లేచి వచ్చినవాళ్ళలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ఉన్నారు. థాంప్సన్ సరదాగా ఒక ఆట రాసుకున్నాడు, గ్రహాల మధ్య ఓడ నడిపే ఆట. ఆఫీసులోని పెద్ద కంప్యూటరులో ఒక్కసారి ఆడితే యంత్రం కాలానికి సుమారు 75 డాలర్ల ఖర్చు పడుతుంది. దాంతో ఎవరూ పెద్దగా పట్టించుకోకుండా ఓ మూల పడి ఉన్న పీడీపీ-7 అనే చిన్న, పాత యంత్రాన్ని వెతికి పట్టుకున్నాడు. దాని జ్ఞాపకం ఇప్పటి లెక్కలో 18 కిలోబైట్లు. మీ ఫోనులో తీసే మామూలు ఫోటో ఒక్కటి ఆ యంత్రాన్ని వంద సార్లు నింపి పొర్లిపోతుంది.

1969 వేసవిలో థాంప్సన్ భార్య బానీ, పసివాడైన కొడుకును అత్తమామలకు చూపించడానికి కొన్ని వారాలపాటు కాలిఫోర్నియా వెళ్ళింది. ఇంట్లో ఎవరూ లేని ఆ రోజుల్లో ఆయన ఒక్కో భాగానికి ఒక్కో వారం చొప్పున కేటాయించుకుని, ఆ బుల్లి యంత్రంలో పట్టే బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ రాసేశాడు. మల్టిక్స్‌ను వెక్కిరిస్తున్నట్టు ఉండే పేరు దానికి పెట్టారు: యూనిక్స్. ఇవాళ ప్రపంచంలో ఉన్న ఫోన్లలో, కంప్యూటర్లలో సగానికి పైగా దాని వంశంవో, దాని పోలికవో. పెళ్ళాం పుట్టింటికి వెళ్తే పేకాటకు కూర్చునే మొగవాళ్ళను కథల్లో బోలెడు మందిని చూశాం. ఈయన పని చేశాడు, మెచ్చుకోవలసిందే. కానీ ఆ వారాలపాటు ఆ పసివాణ్ణి ఎత్తుకు తిరిగిన చేతులకు కూడా యూనిక్స్ పుట్టుకలో వాటా ఉందని నేనంటాను. కాదనే ఇల్లాలు ఉంటే చెప్పండి.

అయితే నాకు ఈ కథలో థాంప్సన్ కన్నా కూడా మనసుకు దగ్గరగా అనిపించినవాళ్ళు వేరే ఉన్నారు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ల శాఖలోని ముగ్గురు టైపిస్టులు. 1971 ద్వితీయార్ధంలో యూనిక్స్‌ను ఆఫీసు పనికి వాడినవాళ్ళు వాళ్ళే. పొద్దస్తమానం పేటెంటు దరఖాస్తులు కొట్టడం, దిద్దడం, వరుస పెట్టడం. ఈ సంగతి రిచీ తర్వాత తను రాసిన యూనిక్స్ చరిత్రలో చెప్పాడు. అప్పటికి వచ్చిన పీడీపీ-11 యంత్రంలో జ్ఞాపకం 24 కిలోబైట్లు. అందులో 16 ఆపరేటింగ్ సిస్టమ్‌కే పోగా, మనుషుల పనికి మిగిలినవి 8. అదే యంత్రంలో టైపిస్టులు ఒక పక్క, కొత్త కొత్త ప్రయోగాలు చేసే శాస్త్రజ్ఞులు ఇంకో పక్క. ఇద్దరి మధ్యా గోడ లేదు! ఒకరి ప్రయోగం బెడిసికొడితే అందరి పనీ కుప్పకూలుతుంది. డిస్కు చిన్నది కాబట్టి కొన్ని గంటలకొకసారి టైపు చేసినదంతా టేపు చుట్టల్లోకి ఎక్కించి దాచుకోవాలి. పక్కింటివాళ్ళ పిల్లాడు ఎప్పుడు వచ్చి తన్నేస్తాడో తెలియని చోట ముగ్గు పెడుతున్నట్టు ఆ రోజులు గడిచాయన్నమాట.

ఇక్కడ నాకు ఒక విషయం తోచింది. గోడ అనగానే మనం చెడ్డది అనుకుంటాం. కానీ ఉమ్మడి ఇంట్లో కొన్ని గోడలు కావాలి. ఆ టైపిస్టులకు కావలసింది స్వేచ్ఛ కాదు, ఒక గోడ. గోడల్లో రెండు రకాలున్నాయి. కలిసి ఉండేవాళ్ళను ఒకరినుంచి ఒకరిని కాపాడేవి కొన్ని. ఇల్లుగలవాడి అనుమానంతో లేచేవి కొన్ని. ఈ రెండింటికీ తేడా తెలిస్తేనే తరవాతి కథ అర్థమవుతుంది.

ఇరవై ఏళ్ళు ముందుకు వద్దాం. ఫిన్లండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం. అక్కడి యూనిక్స్ యంత్రంలో ఒకేసారి 16 మందికే చోటు. పదిహేడోవాడు కాచుకోవలసిందే. అలా కాచుకున్న విద్యార్థుల్లో లైనస్ టోర్వాల్డ్స్ ఒకడు. 1991 జనవరిలో వాయిదాల పద్ధతిలో సొంత కంప్యూటరు కొనుక్కుని, ఇంటినుంచే టెలిఫోను తీగ మీద విశ్వవిద్యాలయపు యంత్రంలోకి వెళ్ళడానికి ఒక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాడు. అది పెరిగి పెరిగి ఆపరేటింగ్ సిస్టమే అయి కూర్చుంది. అదే లినక్స్. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని దాన్ని లోకం మీదికి వదిలేశాడు. ఆ ‘మార్చుకోవచ్చు’ అన్న మాటలోనే మన చద్దిమూట ఉంది. మార్చుకోవచ్చంటే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు కూడా.

తగ్గించుకోవలసిన అవసరం ఎవరికి వచ్చింది? సొంత కంప్యూటరు లేనివాళ్ళకు. మన దేశంలో 1995 ఆగస్టు 15న మామూలు జనానికి ఇంటర్నెట్టు అందుబాటులోకి వచ్చాక, ఊరూరా నెట్ సెంటర్లు వెలిశాయి గుర్తుందా? పరీక్షా ఫలితాలకు అక్కడికే, ఇంజనీరింగు సీట్ల కౌన్సిలింగుకు అక్కడికే, అమెరికాలో కొడుకు పంపిన ఉత్తరం చదువుకోవడానికి కూడా అక్కడికే. ముందు కూర్చున్నవాడు ఏ వైరసు వదిలి వెళ్ళాడో తెలీదు. మనం కొట్టే పాస్‌వర్డ్ ఏ మూల దాగి రాసుకుంటున్నారో తెలీదు. షాపు యజమానినీ తప్పుపట్టలేం. వచ్చినవాడల్లా ఏదో ఒకటి ఎక్కిస్తే రాత్రికి అతని యంత్రం మూలపడుతుంది. అందుకని కొత్త ప్రోగ్రాములు వెయ్యకూడదు, సెట్టింగులు ముట్టకూడదు, పెన్‌డ్రైవు పెట్టకూడదు అని తాళాలు వేసేవాడు.

2011లో కేంద్ర ప్రభుత్వం సైబర్ కేఫ్‌లకు నియమాలు పెట్టింది. వచ్చినవాళ్ళ గుర్తింపు చూడాలి, ఎవరు ఎప్పుడు వచ్చారో రిజిస్టరు ఏడాదిపాటు ఉంచాలి, గదుల అడ్డుతెరలు నాలుగున్నర అడుగులకు మించకూడదు. నేరాలు జరగకుండా అన్నారు. నిజమే కావచ్చు. కానీ నాలుగున్నర అడుగుల తెర వెనక కూర్చుని ఒక ఆడపిల్ల తన కష్టం ఎవరికైనా రాసుకోవాలనుకుంటే? డాక్టరును అడగడానికి సిగ్గుపడే ప్రశ్న ఒకటి వెతకాలనుకుంటే? ఆ గోడ ఎవరికోసం కట్టినట్టు, ఎవరికోసం తగ్గించినట్టు?

ఇక్కడే కొందరు తెలివైనవాళ్ళు సత్రం యాత్రికుల్లా ఆలోచించారు. జర్మనీలో క్లాస్ నాపర్ అనే ఇంజనీరు 2000లో క్నాపిక్స్ అనే సీడీ తయారుచేశాడు. కంప్యూటరుకు కరెంటు అందగానే ఇల్లాలు వెంటనే నిద్ర లేవదు. ముందు ఒక చిన్న కాపలాదారు లేచి, ఇల్లాలు ఎక్కడుందా అని వెతుకుతాడు. మామూలుగా లోపలి డిస్కులో ఉంటుంది. క్నాపిక్స్ సీడీ పెట్టి, అక్కడ వెతకమంటే, కాపలాదారు ఆ సీడీలోంచే లినక్స్‌ను లేపుతాడు. అంతే! లోపలి డిస్కును ముట్టకుండానే యంత్రం నడుస్తుంది. రెండు గిగాబైట్ల సరుకును 700 మెగాబైట్ల సీడీలో ఎలా పట్టించారంటే, మన వడియాల లెక్కే. డబ్బాలో పిడికెడే కనిపిస్తాయి, నూనెలో పడితే పళ్ళెం నిండుతుంది. ఏ ముక్క కావాలో ఆ ముక్కనే అప్పటికప్పుడు విప్పుకుంటుంది. పని అయిపోయి యంత్రం కట్టేస్తే అన్నీ చెరిగిపోతాయి. యజమాని డిస్కు పొద్దున ఎలా ఉందో సాయంత్రం అలాగే ఉంటుంది.

మూట ఇంకా చిన్నది కావాలన్నారు మరికొందరు. జాన్ ఆండ్రూస్ 50 మెగాబైట్లలో ఎన్ని పనికొచ్చే వస్తువులు పడతాయో చూద్దామని పందెం వేసుకున్నట్టు డ్యామ్ స్మాల్ లినక్స్ తయారుచేశాడు. అది విజిటింగు కార్డంత సీడీలో పట్టేది. ఆస్ట్రేలియాలో బారీ కాలర్ 2003లో పప్పీ లినక్స్ చేశాడు, పేరుకు తగ్గట్టు కుక్కపిల్ల. మొత్తం జ్ఞాపకంలోకి ఎక్కేసి చురుగ్గా పరుగెత్తేది. తరవాత వచ్చిన టైనీ కోర్ అయితే మొదట్లో పది మెగాబైట్లు. ఇవన్నీ గొప్ప హంగులు కాదు. ఒక వెబ్ పేజీ, ఒక ఉత్తరం, ఒక రాత బల్ల. సత్రంలో పదహారు రకాల పిండివంటలు చేస్తామా? చారూ అన్నం చాలు.

మరి కాపలాదారుకే తాళం వేసి ఉంటే? బయటి సీడీ వైపు చూడకుండా యజమాని పాస్‌వర్డ్ పెట్టేస్తే? దానికీ ఒక దారి దొరికింది. ఫ్రాన్సు దేశస్థుడు ఫాబ్రీస్ బెలార్ 2003లో క్యూఎమ్యూ అనే ప్రోగ్రాము రాశాడు. అది కంప్యూటరు లోపల ఉత్తుత్తి కంప్యూటరును సృష్టిస్తుంది. బొమ్మల కొలువులో బొమ్మరిల్లు పెట్టినట్టు. డ్యామ్ స్మాల్ లినక్స్ వాళ్ళు దీన్ని తమ మూటలో కలిపేశారు. అప్పుడు విండోస్ అలాగే నడుస్తుంటుంది. దాని మీద ఒక కిటికీలో మన బుల్లి లినక్స్ లేస్తుంది. నెమ్మదే, కాదనను. బొమ్మరింట్లో వండిన అన్నం ఎంత వేగంగా ఉడుకుతుంది? కానీ ఎక్కడికక్కడ మన కాగితాలు, మన గుర్తులు పెన్‌డ్రైవులోనే ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే నా కలానికి నిద్ర పట్టదు. బొమ్మరిల్లు ఎంత గట్టిదైనా పెద్దింట్లోనే కదా ఉంది! పెద్దింటివాడు దొంగయితే, మీట నొక్కినప్పుడల్లా రాసుకునే ప్రోగ్రాము అడుగున ఉంటే, బొమ్మరింట్లో మీరు తలుపు వేసుకున్నా వాడికి తెలుస్తుంది. సీడీలోంచి లేపిన లినక్స్ ఆ ప్రమాదంనుంచి కాపాడుతుంది గానీ, మీటల తీగకే బయట ఏదైనా పరికరం తగిలించి ఉంటే అది కూడా కాపాడలేదు. అన్నిటికన్నా ముందు, ఆఫీసు యంత్రంలోనో బడి యంత్రంలోనో యజమానిని అడక్కుండా మూట విప్పడం మర్యాద కాదు. సత్రంలో వంట చేసుకునే ముందు గుమస్తాకు చెప్పే చేసుకునేవాళ్ళం కదా. చద్దిమూట గొప్పదనం దొంగతనంలో లేదు. ఇల్లుగలవాడి గోడ చెడకుండా, మన రహస్యం బయటపడకుండా, ఇద్దరి మర్యాదా నిలబెట్టడంలో ఉంది.

ఈ మూట ఎంత పని చేయగలదో 2013లో లోకానికి తెలిసింది. అమెరికా ప్రభుత్వపు రహస్య నిఘా గురించి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాలను లోకానికి చేర్చినవాళ్ళలో లారా పోయిట్రస్ అనే చిత్ర దర్శకురాలు ఉంది. ఆమె పనిముట్టు టెయిల్స్. అది 2009లో మొదలైన ఇలాంటి మూటే. పెన్‌డ్రైవులోంచి లేస్తుంది, కట్టెయ్యగానే ఆనవాలు మిగల్చదు. అంత పెద్ద కథ అంత చిన్న సంచిలో నడిచింది.

కాలం మారింది. చేతిలో ఫోను వచ్చాక నెట్ సెంటర్లు చాలా ఊళ్ళలో మూతపడ్డాయి. డ్యామ్ స్మాల్ లినక్స్ చాలా ఏళ్ళు ఊరుకుని 2024లో మళ్ళీ వచ్చింది. ఈసారి బరువు 700 మెగాబైట్లు! నవ్వకండి, మనమూ పెళ్ళినాటి జాకెట్లు ఇప్పుడు తొడుక్కోగలమా? కానీ ఉమ్మడి యంత్రం సమస్య పోలేదు, మన ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉన్న ఇళ్ళు ఎన్నో. తండ్రి ఫోను, కొడుకు ఆట, కూతురి పాఠం, తల్లి ఉత్తరం, అన్నీ అందులోనే. ఆ ఫోను ఎవరి చేతిలో ఎంతసేపుండాలో చెప్పేది ఎవరు? ఎవరి మాటలు ఎవరు తెరిచి చూస్తున్నారు? 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ అయిదో రూపంనుంచి ఒకే ఫోనులో వేరు వేరు మనుషులకు వేరు వేరు గదులు ఇచ్చే సదుపాయం ఉంది. అన్ని కంపెనీల ఫోన్లలోనూ అది కనబడదు. కనబడిన ఇంట్లోనైనా ఆడపిల్లకు ఆ గది తలుపు తీసి చూపించినవాళ్ళు ఎందరు?

క్నాపిక్స్ చేసిన క్లాస్ నాపర్ భార్య పేరు ఆడ్రియాన్. ఆమెకు చూపు లేదు. తెర మీద బొమ్మలూ రంగులూ ఎంత అందంగా ఉన్నా ఆమెకు అవి గోడలే. నాపర్ తన సీడీలో ఇంకో ఏర్పాటు చేర్చాడు. యంత్రం నోరు విప్పి మాట్లాడుతుంది. బాణం మీటలతో ఒక్కో వరుసా చదివించుకుంటూ ఉత్తరం రాయవచ్చు, వచ్చిన ఉత్తరం వినవచ్చు, అచ్చు కాగితాన్ని యంత్రానికి చూపించి పైకి చదివించుకోవచ్చు. ఆ ఏర్పాటుకు భార్య పేరే కలిసివచ్చేలా ఆడ్రియాన్ అని పేరు పెట్టాడు. చూపు లేనివాళ్ళు ఎవరైనా ఏ ఊళ్ళోనైనా, ఎవరి కంప్యూటరులోనైనా ఆ సీడీ పెట్టుకుంటే చాలు, అది తమ కోసమే ఎదురు చూస్తున్నట్టు పలకరిస్తుంది.

షాజహాను తాజమహలు కట్టించాడని చెప్పుకుంటాం. అది ముంతాజు చూడలేదు. ఈ ఇల్లు మాత్రం బతికున్న భార్య చేతిలో పెట్టినది. అరచేతిలో పడుతుంది, పరాయి గుమ్మంలో కూడా తెరుచుకుంటుంది, లోపల ఆమె ఉత్తరాన్ని ఆమెకు తప్ప ఇంకొకరు చదివిపెట్టనక్కర్లేదు.